గడియారం మేడ వెనకవైపు

మా నగరానికి వచ్చినవాళ్లెవరూ గడియారం మేడ ముందు ఒక ఫొటో దిగకుండా వెళ్లరు. బిస్కెట్ డబ్బాల మీద, క్యాలెండర్ల మీద, పిల్లల నోటు పుస్తకాల అట్టల మీద అదే బొమ్మ. తొమ్మిది అంతస్తులు, నాలుగు మూలలా నాలుగు రాతి గద్దలు, నెత్తిన గుండ్రటి గడియారం. సినిమావాళ్లకి అదంటే మరీ ముద్దు. కథ ఈ నగరంలో జరుగుతోందని చెప్పాలంటే దాన్నొకసారి చూపిస్తారు. కథ అయిపోవచ్చిందని చెప్పాలంటే దాని మీంచి ఒకణ్ణి కింద పడేస్తారు.

ఆ పడేవాడు ఎక్కువసార్లు మా బావ. హీరోలకి డూప్. పదిహేడేళ్లలో పదకొండుసార్లు ఆ మేడ మీంచి దూకాడు. పదకొండుసార్లూ అతని తాడు నా చేతుల్లో ఉంది. అయినా ఆ మేడ ముఖం నేను సరిగ్గా చూడలేదంటే నవ్వుతారు. పని ఉన్నప్పుడు వెనక మెట్ల మీంచి ఎక్కేవాణ్ణి. పని లేనప్పుడు అటు వెళ్లేవాణ్ణి కాదు. సినిమా హాల్లో ఆ సీను వస్తే తల దించుకుని చెప్పుల కేసి చూసేవాణ్ణి. ఊరంతా ఎరిగింది దాని ముఖం. నేనెరిగింది దాని వీపు: నీళ్ల ట్యాంకులు, తుప్పు పట్టిన నిచ్చెన, జానెడు మందాన పేరుకున్న పావురాల రెట్ట.

మా ఫైట్ మాస్టర్‌ది ఒక రూలు. దూకేవాడి తాడు అతని భార్య తరఫువాడే పట్టాలి. "అన్నదమ్ములకైతే పంపకాల గొడవలుంటాయి. స్నేహితుడికి మతిమరుపుంటుంది. బావమరిదైతే సాయంత్రం ఇంటికెళ్లి అక్క మొహం చూడాలి. వాడు చచ్చినా వదలడు" అనేవాడు. వినేవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వేవాళ్లే గానీ, ఆ రూలు దాటినవాడు మా గుంపులో ఒక్కడూ లేడు.

తాడు పనిలో మాటలుండవు. దూకేవాడు పిట్టగోడకి అవతల, రాతి అంచు మీద నిలబడతాడు. పట్టేవాడు ఇవతల కూర్చుంటాడు. ఒకరికొకరు కనపడరు. బావ తన నడుం వెనకున్న తాడుని రెండుసార్లు లాగితే, సిద్ధం, వదులు అని. నేను రెండు బారలు వదలగానే దూకుతాడు. ఇనుప స్తంభానికి మూడు చుట్లు తిప్పిన తాడు నా చేతుల్లోంచి జారుతుంది. ఎర్రదారం కట్టిన చోటు రాగానే బిగబడతాను. మూడుసార్లు లాగితే, వద్దు, బిగించి పట్టుకో అని. నా కుడిచేతికి తోలు గ్లవ్ ఉంటుంది, ఎడమచెయ్యి ఒట్టిది. కుడిచెయ్యి పట్టుకోవడానికి, ఎడమచెయ్యి వినడానికి. పని నేర్పిన రోజున మాస్టర్ చెప్పిన మాట అది.

ఆ ఎండాకాలానికి నా ఎడమచేతికి చెవుడొచ్చింది.

చలికాలంలో చిటికెనవేలు మొద్దుబారింది. చలి కదా అనుకున్నాను. చలి పోయింది, మొద్దుదనం పోలేదు, పక్కవేళ్లకి పాకింది. ఎండలు మొదలైన వారంలో ఎవరికీ చెప్పకుండా ఒక నరాల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను కళ్లు మూసుకోమని, అరచేతులు బల్ల మీద పరచమన్నాడు.

"సూదితో గుచ్చుతాను. గుచ్చినప్పుడల్లా చెప్పండి."

కళ్లు మూసుకుని కూర్చున్నాను. బయట ఎవరో కుర్చీ ఈడుస్తున్నారు. ఫ్యాను కిర్రుమంటోంది. చాలాసేపైనట్టు అనిపించింది.

"ఇంకా మొదలుపెట్టలేదా డాక్టర్ గారూ?" అన్నాను.

"అయిపోయింది. ఏడుసార్లు గుచ్చాను" అన్నాడాయన.

కళ్లు తెరిస్తే ఎడమ అరచేతిలో ఏడు ఎర్రటి చుక్కలు. వాటిని పక్కింటివాడి చేతిలో ఉన్నట్టు చూశాను.

"ఏం పని చేస్తారు?"

"తాడు పట్టుకుంటానండి."

ఆయన సూది పక్కన పెట్టాడు. "మానెయ్యండి. నరం నలిగిపోయింది. పట్టు ఉంటుంది, స్పర్శ ఉండదు. బలంగానే ఉంది కదా అని మోసపోకండి" అన్నాడు.

రోడ్డు మీదకొచ్చి భయం కోసం ఎదురుచూశాను, బస్సు కోసం చూసినట్టు. రావాలి కదా మరి. రాలేదు. బహుశా భయం కూడా వేళ్ల కొసల్లోనే పుట్టి లోపలికి పాకుతుందేమో. బస్సు వచ్చింది, ఎక్కాను.

ఇంటికి వెళ్లేసరికి మాస్టర్ వచ్చి కూర్చున్నాడు. బావ నేల మీద బోర్లా పడుకుని దండీలు తీస్తూనే ఆయనతో మాట్లాడుతున్నాడు. నలభై ఆరేళ్ల మనిషి. మోకాళ్లు లేచేటప్పుడు టకటకలాడతాయి గానీ గాల్లోకి వెళ్తే పాతికేళ్లవాడే. అక్క కుట్టుమిషన్ దగ్గర ఉంది. డూప్‌ల చొక్కాలు అక్కే కుడుతుంది. హీరో చొక్కాలాంటిదే, రెండంగుళాలు వదులుగా, లోపల దూది మెత్తలకి సంచులు, వీపున తాడు కొక్కేనికి చీలిక. ఆ చీలిక బయటికి కనపడకుండా కుట్టడంలో నగరంలో అక్కని మించినవాళ్లు లేరు.

"ఏమయ్యా తాడూ, రా రా" అన్నాడు మాస్టర్. మా గుంపులో నన్నందరూ అలాగే పిలుస్తారు. "నీ కోసమే చూస్తున్నా. గడియారం మేడని మూసేస్తున్నారట. వానలు మొదలయ్యేలోపు చుట్టూ కర్రలు కట్టేస్తారు. మరమ్మతులంటే తెలుసుగా, మన జన్మకి మళ్లీ తెరవరు. ఒక పెద్ద సినిమావాళ్లు ఆఖరి దూకుడు మాకే కావాలని కూర్చున్నారు."

"దానికీ నాకూ ఒకేసారి రిటైర్మెంట్" అన్నాడు బావ నేల మీంచే. "ఇద్దరికీ కలిపి ఒకే దండ వేస్తే సరిపోతుంది."

"నువ్వు ఆపు" అంది అక్క.

"ఆపుతాననే కదా చెప్తున్నా! ఇదొక్కటి దూకి ఆపుతా. పన్నెండు. డజను. అరటిపళ్లకైనా లెక్క ఉండాలి."

మాస్టర్ నా వైపు తిరిగాడు. "పడతావా మరి?"

చెప్పాలి. నోరు తెరిచాను కూడా. ఈలోగా బావ లేచి కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "వాడు పట్టకపోతే నేను దూకను. అడగడం కూడా దేనికి?" అన్నాడు.

ఆ క్షణాన్ని తర్వాత చాలాసార్లు విప్పి చూసుకున్నాను. బావకి ఆఖరి దూకుడు పోతుందనే కదా నువ్వు చెప్పలేదు అని నన్ను నేను ఊరడించుకోబోయాను. అది నిజం కాదు. పదిహేడేళ్లుగా ఆ ఇంట్లో వెనకగది నాది. పెళ్లి చేసుకోలేదు, వేరే పని నేర్చుకోలేదు. తాడు పట్టేవాడిగా ఆ ఇంట్లో ఉన్నాను. తాడు వదిలేస్తే ఆ గదిలో పడుకునేవాడు ఎవడు? ఈ ప్రశ్నకి జవాబు దొరకలేదు. అందుకని, "పట్టక!" అన్నాను.

మాస్టర్ నా వీపు తట్టాడు. ఆ తట్టడం తెలిసింది. వీపు బాగానే ఉంది.

*

తర్వాత పదిరోజులకి అక్కకి తెలిసిపోయింది. ఉదయం పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. అక్క గుడ్డ కోసం వెతుక్కుంటోంది. నేను వెళ్లి గిన్నె అంచు ఎడమచేత్తో పట్టి దించి గట్టు మీద పెట్టాను. పాలు ఒలకలేదు, మంచి పని చేశాననుకున్నాను. వెనక్కి తిరిగితే అక్క గుడ్డ పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది.

నా ఎడమచెయ్యి పట్టుకుని చూసింది. వేళ్ల మీద అప్పుడే తెల్లగా బొబ్బలు లేస్తున్నాయి.

"ఎప్పటినుంచి?"

"చలికాలం నుంచి."

కుళాయి తిప్పి నా చెయ్యి నీళ్ల కింద పెట్టింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నీకు కాలినట్టు కూడా తెలీదు కదరా" అంది. గొంతు మామూలుగానే ఉంది. నీళ్లు పోతూనే ఉన్నాయి. "మీ బావకి చెప్పావా?"

"చెప్పాను."

"మాస్టర్‌కి?"

"ఆయనకీ చెప్పాను. ఎడమచేతి పని కుడిచేత్తో చేస్తాను. ఏం ఫర్వాలేదన్నారు."

అబద్ధాలు ఎంత నునుపుగా వచ్చాయంటే, చెప్తున్నది నేనేనా అని చూశాను. అక్క నా కళ్లలోకి చూడలేదు. చేతినే చూస్తోంది. నమ్మిందా? ఇప్పటికీ చెప్పలేను. నమ్మాలనుకున్నవాళ్లకి రుజువులక్కర్లేదు. ఆ ఆఖరి దూకుడు అయిపోతే మొగుడు ఇంట్లో ఉంటాడు. పదిహేడేళ్లుగా ఆవిడ ఎదురుచూసింది అదొక్కటే. ఇంకో పదిహేను రోజులు. తనడ్డం పడితే అది జరగదు. వేరేవాడితో దూకడు, దూకకుండా మానడు, ఏళ్ల తరబడి అదే మాట మీద కూర్చుంటాడు. ఇవన్నీ ఆ నీళ్ల చప్పుడులో ఆవిడ లెక్కవేసుకుందని నేననుకుంటాను. లేదా ఏమీ అనుకోలేదేమో. మనుషుల మనసుల్లో జరిగేదంతా నేనే కల్పించుకునే అలవాటు నాకుంది.

ఆ రోజు నుంచి నాకు టీ చల్లార్చి ఇవ్వడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో గ్లాసు పట్టుకుంటే తెలిసేది కాదు, తాగితే తెలిసేది. ఆ ఎండాకాలమంతా నేను చప్పబడ్డ టీ తాగాను.

రిహార్సల్స్‌కి నాకొక ఉపాయం తట్టింది. తాడు పిట్టగోడ మీంచి నా వైపు దిగే చోట తెల్లగుడ్డ పీలిక ఒకటి కట్టాను. బావ అవతల లాగితే పీలిక ఎగిరిపడేది. చెయ్యి వినకపోతే కన్ను వింటుంది. నాలుగుసార్లు చేశాం, నాలుగుసార్లూ సరిపోయింది. నేను తెలివైనవాణ్ణనే అనుకున్నాను.

బావ పిట్టగోడ ఎక్కబోతూ దాన్ని చూశాడు. "ఇదేంట్రా, తాడుకి రిబ్బనా? జడెయ్యబోతున్నావా?"

"గాలి చూడ్డానికి బావా."

"ఓహో" అన్నాడు. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత అవతలికి దిగుతూ, "పువ్వు కూడా పెట్టు, అందంగా ఉంటుంది" అన్నాడు.

*

షూటింగ్ రోజు పొద్దున ఆరింటికే పైకెక్కాం. ఎండ లేతగా ఉన్నప్పుడే ఆ మేడ బంగారంలా మెరుస్తుందట, డైరెక్టర్ అన్నాడు. మా వైపు మెరిసేదేమీ లేదు. ట్యాంకులోంచి నీళ్లు కారుతున్నాయి.

పైన మాతో పాటు ఇంకొక మనిషి ఉన్నాడు, గడియారాల మెకానిక్. ముసలాయన. ఆ గడియారం ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. సినిమాలో ముళ్లు తిరగాలి కాబట్టి ఆయన్ని పిలిపించారు. నెలరోజులుగా దాని కడుపులో దూరి పనిచేస్తున్నాడు. చేతులకి, గడ్డానికి, కళ్లజోడుకి కూడా గ్రీజే.

"ముళ్లు తిరిగితే చాలన్నారు బాబూ" అన్నాడు నాతో, పక్కన కూర్చుని రొట్టె తింటూ. "ముళ్లు ఎవడైనా తిప్పుతాడు. నా పని చూస్తావుగా" అని కన్ను గీటాడు. నాకు అర్థం కాలేదు. అడగలేదు. ఆ రోజుల్లో నేను ఎవర్నీ ఏదీ అడిగేవాణ్ణి కాదు.

బావ అక్క కుట్టిన నీలం చొక్కా వేసుకుని వచ్చాడు. వీపున కొక్కెం తగిలించాను. కన్నుతో చూసి, మళ్లీ చూసి, తాడు పట్టి లాగి చూశాను.

"అయిందా?"

"అయింది బావా."

"ఎడమచెయ్యి చూపించు."

గుండె ఆగాల్సిన చోటు అది. చూపించాను. బొబ్బలు ఆరిపోయి చర్మం గులాబీరంగులో ఉంది. దాన్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని ఒకసారి రుద్దాడు, పిల్లల చెయ్యి రుద్దినట్టు. "సరే. ఇంటికెళ్లేటప్పుడు మీ అక్కకి దారం ఉండలు కొనాలి, గుర్తుచెయ్యి" అని పిట్టగోడ దాటాడు.

నేను స్తంభం పక్కన కూర్చున్నాను. తాడు బిగువుగా ఉంది. పీలిక కదలకుండా వేలాడుతోంది. కింద మైకులో ఎవరో మనుషుల్ని పక్కకి తప్పుకోమంటున్నారు. దూరంగా, సముద్రం చప్పుడులా. కళ్లు పీలిక మీద పెట్టి కూర్చున్నాను.

అప్పుడు గంట కొట్టింది.

ముసలాయన గంటని కూడా బాగుచేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఏడు గంటలకి నగరమంతా ఉలిక్కిపడి తన పేరు చెప్పుకోవాలనుకున్నాడు. ఇరవై ఏళ్లలో మొదటి దెబ్బ. నేను కూర్చున్న సిమెంటు అదిరింది. ఆ చప్పుడెరగని పావురాలు, కొన్ని వందలు, ఒక్కసారిగా లేచాయి. ఆకాశం నల్లబడింది. తల పైకెత్తాను. ఒక్క క్షణం. ఎవరైనా ఎత్తుతారు. ఎడమచేత్తో వినేవాడు తల ఎత్తినా ఫర్వాలేదు.

కళ్లు దించేసరికి పీలిక ఎగిరింది. మళ్లీ ఎగిరింది. ఆగింది.

రెండు అనుకున్నాను. చేతిని అడగలేదు. రెండు బారలు వదిలాను.

తాడు జారడం మొదలైంది. మధ్యలో ఒకచోట తడబడింది, అదీ చూశాను. ఎర్రదారం వచ్చింది, బిగబట్టాను. ఎక్కడ బిగబట్టాలో అక్కడే బిగబట్టాను. గంట ఇంకా కొడుతూనే ఉంది. నాలుగో, అయిదో. కింద నుంచి చప్పట్లు వినిపించాయి. బాగా వచ్చిందన్నమాట అనుకున్నాను.

చప్పట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

బావ కాలికింద రాతి అంచు పెచ్చు ఊడింది. గంట అదురుకే ఊడిందన్నారు. బయటికి దూకాల్సినవాడు గోడ వెంబడే జారాడు. ఎనిమిదో అంతస్తు చూరు తుంటికి తగిలింది. తర్వాత నా తాడుకి వేలాడాడు. ఇవన్నీ మాస్టర్ మెట్లెక్కి వచ్చి చెప్తే తెలిశాయి. ఆయన రొప్పుతున్నాడు.

"ఎన్నిసార్లు లాగాడు?"

"రెండు."

"ఖాయమా?"

"రెండు మాస్టర్."

అప్పటికి అది అబద్ధం కాదు. నేను చూసింది రెండే. ముసలి మెకానిక్ గడియారం తలుపు దగ్గర కూలబడి తల బాదుకుంటున్నాడు. పైకొచ్చినవాళ్లంతా ఆయన్నే చూస్తున్నారు. నన్నెవరూ చూడలేదు.

కింద అంబులెన్స్ ఎక్కిస్తుండగా మాస్టర్ బావ మీదకి వంగాడు. "ఎన్ని లాగావయ్యా?" అన్నాడు. బావ మొహం సున్నం కొట్టినట్టుంది. ముందు నా వైపు చూశాడు. తర్వాత నా ఎడమచేతి వైపు చూశాడు.

"రెండే" అన్నాడు. "సిద్ధమని లాగాను. తర్వాత కాలు జారింది. వాడిదేం లేదు."

అప్పుడు తెలిసింది నాకు, మూడని. రెండే అయితే చెయ్యి చూడక్కర్లేదు.

*

బావ ఆసుపత్రిలో ఇరవై రోజులున్నాడు. తర్వాత ఇంట్లో, ముందుగదిలో మంచం మీద. తుంటికి లోహపు ముక్క వేశారు. నడుస్తాడన్నారు, కర్రతో. ఎండలు ముదిరాయి. కిటికీకి తడిగుడ్డ కట్టేవాళ్లం, గంటలో ఎండిపోయేది. నేను బావకి స్నానం చేయించేవాణ్ణి. నీళ్ల వేడి మాత్రం అక్క చూసేది. మోచేయి ముంచి చూసి, ఊఁ అనేది. ఆ ఊఁ కోసం నేను బకెట్ పట్టుకుని నిలబడేవాణ్ణి. మేం ముగ్గురం ఆ నెలల్లో ఒకరితో ఒకరం మర్యాదగా ఉన్నాం, రైల్లో ఎదురెదురుగా కూర్చున్నవాళ్లలా.

డైరెక్టర్ ఒకసారి పండ్లబుట్టతో వచ్చాడు. సంతోషం దాచుకోలేకపోయాడు. "కథలో దూకడం అనుకున్నాం కదా, మార్చేశాను. జారిపడ్డం. అంత సహజంగా ఎవడూ పడలేదండీ ఇంతవరకూ" అన్నాడు.

"సహజంగానే పడ్డాం మరి" అన్నాడు బావ.

ఒక మధ్యాహ్నం అక్క బజారుకెళ్లింది. బావ పడుకుని పైకప్పు చూస్తున్నాడు. నేను గోడకి చేరబడి ఉన్నాను.

"బావా" అన్నాను.

"ఊఁ."

"నువ్వు మూడు లాగావు."

తలకింద దిండు సర్దుకున్నాడు. "గాలి చూసే గుడ్డని జెండాకర్రకి కడతారు గానీ తాడుకి కడతారట్రా?" అన్నాడు.

"మరి తెలిసీ ఎందుకెక్కావు?"

"పదకొండుసార్లు పట్టావు కదా."

"అది కాదు..."

"ఇంకేంటి?" కోపం లేదు, విసుగు ఉంది. "నువ్వు చెప్తావేమోనని చూశాను. నాలుగు రిహార్సల్స్ చూశాను. చెప్తే నేను దూకడం పోతుంది. అడిగితే నువ్వు చెప్పేస్తావు. అందుకని నేనూ అడగలేదు. సరిపోయిందిగా?"

"నువ్వు లాగింది మూడు బావా."

"రెండు. నా చెయ్యి నాకు తెలీదా?"

ఆ మాట అని నాలిక్కరుచుకున్నాడు. నా చేతి వైపు చూడకుండా గోడ వైపు తిరగబోయాడు, తుంటి నొప్పికి తిరగలేకపోయాడు. నేను లేచి అతన్ని పట్టుకుని తిప్పాను. గోడతోనే అన్నాడు: "మీ అక్కకి రెండని చెప్పాను. ఈ ఇల్లు ఇలా ఉండనీ."

ఉండనిచ్చాను. నేరం ఒప్పుకుంటే గుండె తేలికవుతుందని చదువుకున్నాను, విన్నాను. నా గుండె బరువుగా ఉంటే కదా. అది అరచెయ్యిలాగే ఉంది. ఎక్కడైనా గుచ్చుకోవచ్చు.

మొదటి వానకి గడియారం మేడ చుట్టూ కర్రలు కట్టి, ఆకుపచ్చ గుడ్డ కప్పేశారు. ఎండాకాలం అయిపోయింది.

*

సినిమా చలి మొదలయ్యాక వచ్చింది. వెళ్దామన్నది బావే. "నా పాటికి నేను పడితిని, నన్ను చూడనివ్వరా?" అని గోల చేశాడు. మొదటి ఆటకి వెళ్లాం. చివరి వరసలో, కర్ర పెట్టుకోవడానికి వీలుగా. బావ, మధ్యలో అక్క, ఇటు నేను. బావ పాప్‌కార్న్ కొనిపించుకున్నాడు.

మేడ సీను రాగానే అలవాటుగా చెప్పుల కేసి చూశాను. తర్వాత తల ఎత్తాను. ఎందుకో తెలీదు.

మొదట ముందు నుంచి చూపించారు. ఇదా అది, అనుకున్నాను. చాలా అందంగా ఉంది. రాతి గద్దలు నిజంగా ఎగిరేలా ఉన్నాయి. గడియారం ఏడు కావస్తోంది. తర్వాత పక్క మేడ మీంచి తీసిన షాట్. అంచు మీద నీలం చొక్కాలో బావ, మొహం అటు తిప్పి. గంట కొట్టింది. పావురాలు లేచాయి. హాల్లో ఈలలు.

తాడుని కంప్యూటర్లో చెరిపేశారు. చేతిని చెరపలేదు. నడుం వెనక బావ కుడిచెయ్యి ఏమీ లేని గాలిని పట్టుకుని లాగింది. ఒకటి. రెండు. మూడు. హీరో భయంతో చొక్కా పట్టుకున్నాడనుకుంటారు చూసేవాళ్లు. తర్వాత కాలికింద తెల్లగా పెచ్చు రాలింది. పడ్డాడు. హాలంతా చప్పట్లు.

అక్కకి మా లాగుళ్లు తెలుసు. పదిహేడేళ్లు ఆ చొక్కాలు కుట్టిన మనిషి.

తెర మీంచి కళ్లు తిప్పకుండానే, "ఎన్నిరా?" అంది. మెల్లగా, కూరలో ఉప్పెంత అని అడిగినట్టు.

నాకు మాస్టర్ గుర్తొచ్చాడు. ఆ జవాబు నా నాలుక చివర సిద్ధంగా ఉంది, బాగా అలవాటైపోయి.

"మూడు" అన్నాను.

"సినిమా చూడనివ్వండర్రా" అన్నాడు అవతల నుంచి బావ, నోట్లో పాప్‌కార్న్‌తో.

తెర మీద ఉదయం మళ్లీ వెలిగింది. ఆ వెలుగులో అక్క నా ఎడమచేతి మీంచి తన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పటిదాకా అది అక్కడుందని నాకు తెలియదు.